డ్రింక్ చేస్తారా? – ఒక చిన్న ప్రశ్న, దాని వెనుక ఒక ప్రాణం

ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన ముప్పై ఏళ్లకు పైబడిన కాలంలో నేను రోగులను అత్యధికంగా అడిగిన ప్రశ్నలలో ఇదొకటి: "డ్రింక్ చేస్తారా?" దానికి నాకు లభించిన జవాబులన్నీ ఒకచోట చేర్చితే ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. "అబ్బే, లేదండి." "అకేషనల్‌గా అండి." "ఫంక్షన్లకి మాత్రమేనండి." "ఒంటి నొప్పులకి కొంచెం వేసుకుంటానండి." "మానేశానండి." ఎప్పుడు మానేశారని అడిగితే, "నిన్ననండి" అన్నవారు కూడా ఉన్నారు.

ఈ జవాబులు విని నవ్వుకున్న రోజులున్నాయి. డెబ్బై దాటిన ఈ వయసులో వెనుదిరిగి చూసుకుంటే మాత్రం నవ్వు రావడం లేదు. లోపం జవాబులలో కన్నా నా ప్రశ్నలోనే ఎక్కువగా ఉన్నదని ఇప్పుడు తెలుస్తున్నది. 'డ్రింక్' అనే ఆ ఇంగ్లీషు మాటను నేనొక అర్థంలో వాడాను, రోగి మరొక అర్థంలో విన్నాడు. ఆ రెండు అర్థాల నడుమ ఉన్న ఎడంలో ఒకసారి ఒక మనిషి ప్రాణం పోవలసినంత పని జరిగింది. ఆ సంగతి చెప్పే ముందు ఈ మాటను గూర్చి కొంత విచారిద్దాం.

ఇంగ్లీషులో డ్రింక్ అంటే తాగడం, తాగే పదార్థం. నీళ్లు, పాలు, పళ్లరసం ఏదైనా డ్రింకే. అయితే ఏమి తాగుతాడో చెప్పకుండా 'అతడు డ్రింక్ చేస్తాడు' అని ఊరుకుంటే, అది మద్యమేనని ఇంగ్లీషువారందరికీ తెలుసు. ఇది ఆ భాష ఒక్కదానికే ఉన్న వింత కాదు. మన తెలుగులోనూ "వాడు తాగుతాడు" అంటే మజ్జిగ తాగుతాడని ఎవరూ అనుకోరు. హిందీలో 'పీనా' అన్నా, తమిళంలో 'కుడి' అన్నా, యానాన్ని రెండు శతాబ్దాలకు పైగా ఏలిన ఫ్రెంచివారి భాషలో 'బువార్' అన్నా అంతే. కర్మపదాన్ని విడిచిపెడితే చాలు, ఆ ఖాళీలోకి మద్యం వచ్చి కూర్చుంటుంది. ఇన్ని భాషల వారు ఆ ఒక్క పదార్థం పేరునే నోట పలకడానికి సంకోచించారన్నమాట. రోగి చెప్పని సమాచారం గూర్చి వైద్యుడు ఆలోచించవలసింది ఇక్కడి నుంచే.

తెలుగులో మరొక చిక్కున్నది. మనం నీళ్లు తాగుతాం, చుట్ట కూడా తాగుతాం. అందువల్ల "తాగే అలవాటుందా?" అని అడిగితే, "రోజుకు నాలుగు చుట్టలండి" అని చెప్పి, సారా సంగతి దాటవేసిన వృద్ధులను నేనెరుగుదును. వారు అబద్ధమాడలేదు. అడిగినదానికే జవాబిచ్చారు.

ఇక ఇంగ్లీషు మాట మన గోదావరి గట్టున దిగిన తరువాత దానికి కొత్త అర్థాలు పుట్టాయి. ఇంటికి చుట్టం వస్తే "డ్రింకు తెప్పించమంటారా?" అని ఇల్లాలు అడుగుతుంది. అది కూల్‌డ్రింకు. అదే మాటకు 'చేయడం' తగిలించి "మా అల్లుడుగారు డ్రింక్ చేస్తారు" అంటే మద్యం. ఒకటి మర్యాద, మరొకటి మరుగున చెప్పవలసిన మాట. మద్యంలో మళ్లీ తరగతులు. విస్కీ, బ్రాందీ, రమ్ము 'హాట్', బీరు వేరు, కల్లు అసలు లెక్కలోనికే రాదు. చాలామంది దృష్టిలో డ్రింక్ చేయడమంటే హాట్ పుచ్చుకోవడమే.

వీటన్నిటికీ మించినది 'మందు'. రోగాన్ని కుదిర్చేదీ మందే, రోగాన్ని తెచ్చేదీ మందే, పైరుకు కొట్టేదీ మందే. దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ అరబీ భాషలో ఉన్నది. ఆ భాషలో తాగడమనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన 'షరాబ్' అనే మాటే మన దేశంలో శరాబుగా మారి మద్యమైంది. యూరపు మీదుగా తిరిగి సిరప్ అయి దగ్గు మందు సీసా మీదికి చేరింది. అక్కడ తాగేది మందుగా మారితే, ఇక్కడ మందే తాగేదిగా మారింది.

వినడానికి ఇది సరదాగానే ఉంటుంది. కాని అర్ధరాత్రి క్యాజువాలిటీలో "మావాడు మందు తాగాడండి" అని బంధువులు కేకలు వేస్తూ ఒక మనిషిని మోసుకొచ్చినప్పుడు ఈ సరదా మాయమవుతుంది. ఏ మందు? సీసాలోని సారాయా, డబ్బాలోని పురుగుల మందా? నోటినుంచి మద్యం వాసన వచ్చినంతమాత్రాన నిశ్చింతగా ఉండరాదు. తాగిన మత్తులో పురుగుల మందు తాగినవారిని మన డెల్టాలోని వైద్యులందరూ చూసే ఉంటారు. కనుపాపలు సూదిమొనంతగా కుంచించుకుపోవడం, నోట నురుగు, ఒళ్లంతా చెమట, కండరాల అదురు కనబడితే, అది మత్తు కాదు, విషం. కనుక మీ ఇంట ఇటువంటి ఆపద వస్తే 'మందు' అని ఆగకండి. ఏమి తాగాడో పేరు చెప్పండి. డబ్బా దొరికితే వెంట తీసుకురండి. ఆ ఒక్క మాట వల్ల చికిత్స త్వరగా మొదలవుతుంది.

ఇప్పుడు నా పొరపాటు సంగతి చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం, యాభై ఏళ్ల ట్రాక్టరు డ్రైవరొకరు వరిబీజం ఆపరేషను కోసం ఆసుపత్రిలో చేరారు. ఆపరేషనుకు ముందు రోగి వివరాలు రాసుకునే పని నాది. అలవాటుగా అడిగాను, "డ్రింక్ చేస్తారా?" అని. "లేదండి" అన్నారాయన, నా కళ్లలోకి సూటిగా చూస్తూనే. కేసు షీటులో 'మద్యపానం లేదు' అని రాసి, సంతకం చేశాను. ఆపరేషను చక్కగా జరిగింది.

మొదటి రాత్రి చేతులు కొద్దిగా వణికాయి. నొప్పి వల్ల అనుకున్నాం. రెండో రోజు చిరాకు, చెమటలు. జ్వరమేమో అనుకున్నాం. మూడో రాత్రి ఆయన మంచం దిగి, చేతికున్న సెలైను గొట్టాన్ని లాగివేసి, గోడ మీద పాములు పాకుతున్నాయని కేకలు వేయసాగారు. నలుగురు పట్టుకుంటే గాని ఆగలేదు. గుండె నిమిషానికి 140 సార్లు కొట్టుకుంటున్నది. అప్పుడుగాని నాకు తట్టలేదు. వరండాలో ఏడుస్తున్న ఆయన భార్యను పిలిచి, "అమ్మా, నిజం చెప్పు. ఈయనకు తాగుడున్నదా?" అని అడిగాను.

ఆమె కళ్లు తుడుచుకుని అన్న మాటలు నాకు నేటికీ గుర్తున్నాయి. "డాక్టరుగారండీ, మీరు డ్రింకు చేత్తారా అని అడిగారండి. ఆయన డ్రింకు చెయ్యరండి. పొద్దుగూకాక రెండు బీర్లు తాగుతారండి, అంతేనండి. పదేళ్లబట్టి అలవాటండి."

అది మద్యం హఠాత్తుగా ఆగిపోవడం వల్ల వచ్చే సన్నిపాతం. దీనినే వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఏళ్ల తరబడి రోజూ మద్యానికి అలవాటు పడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే, మొదటి రోజులోనే వణుకు, చెమటలు మొదలుకావచ్చు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. రెండు మూడు రోజులకు ఈ మతిభ్రమణం రావచ్చు. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. ముందే తెలిసి ఉంటే నివారించదగినది. ఆ రోగికి మెదడును శాంతింపజేసే మందులు, బి1 విటమిను ఇంజెక్షన్లు ఇచ్చి, కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉన్నాం. ఆయన బతికి ఇల్లు చేరారు. నా సంతకం ఉన్న ఆ కాగితం మాత్రం నా మనసులోంచి పోలేదు. ఆయన నాకు అబద్ధం చెప్పలేదు. నేనే ప్రశ్న సరిగా అడగలేదు.

రెండు బీర్లలో ఏముంటుందిలే అనుకునేవారి కోసం ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. కష్టమైనదేమీ కాదు. సీసాలోని మిల్లీలీటర్లను, దాని మీద ముద్రించిన ఆల్కహాల్ శాతంతో హెచ్చించి, వందతో భాగించి, వచ్చినదాన్ని 0.8తో గుణిస్తే శుద్ధ ఆల్కహాల్ ఎన్ని గ్రాములో తెలుస్తుంది.

మన దేశంలో విస్కీ, బ్రాందీలలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో వెలువరించిన మద్యపాన ప్రశ్నావళిలో 'ఒక డ్రింక్' అంటే ఇంచుమించు ఇదే. అదే ఒక 'డ్రింక్' అమెరికాలో 14 గ్రాములు. బ్రిటన్‌లో ఒక 'యూనిట్' 8 గ్రాములు. దేశాన్ని బట్టి ఈ కొలత మారుతుందన్నమాట. మన 'నైంటీ'లో ఇటువంటి డ్రింకులు మూడు. 180 మిల్లీలీటర్ల 'క్వార్టర్'లో ఆరు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. అంటే ఒక్కో సీసాలో నాలుగు. కల్లు బలం దించిన వేళను బట్టి మారుతుంది. సుమారు 5 శాతం అనుకున్నా లీటరు కల్లులో కూడా నాలుగే.

ఇప్పుడు ఆ డ్రైవరుగారి లెక్క చూడండి. రోజుకు రెండు స్ట్రాంగ్ బీర్లు, అనగా 80 గ్రాములు, అనగా ఎనిమిది చిన్న పెగ్గులు. క్వార్టర్ కన్నా ఎక్కువ. ఇదీ 'డ్రింక్ చెయ్యని' మనిషి తాగినది.

ఈ లెక్క మనకు తెలియకపోవడానికి మరొక కారణముంది. అది అజ్ఞానం కన్నా అపాయకరమైనది. పాకలో కూర్చుని కల్లు తాగిన కూలీని 'తాగుబోతు' అంటాం. అంతకు రెట్టింపు ఆల్కహాల్‌ను చల్లని గదిలో గాజు గ్లాసులో పోసుకున్న అధికారి 'డ్రింక్ చేస్తారు', 'తీసుకుంటారు', 'సోషల్ డ్రింకర్'. ఒకరికి క్రియ 'తాగాడు', మరొకరికి 'పుచ్చుకున్నారు'. ఇళ్లలోనైతే ఆ మాట కూడా ఉండదు. "మా ఆయనకు కొంచెం అలవాటుందండి" అంటారు ఆడవారు, తలవంచుకుని. మాట మర్యాదగా ఉన్నంత కాలం జబ్బు కూడా మర్యాదగానే ఉన్నదనుకుంటాం. నా అనుభవంలో ఉద్యోగస్తులు, చదువుకున్నవారు, పెద్ద కుటుంబాలవారు కామెర్లు ముదిరి, పొట్టలో నీరు చేరిన తరువాత వచ్చిన సందర్భాలు తక్కువేమీ కావు. 'తాగుబోతు' అనిపించుకోని కారణంగానే వారు తమను గూర్చి అనుమానించుకోలేదు. కాలేయానికి ఇంగ్లీషు రాదు. అది గ్రాములను మాత్రమే లెక్కపెట్టుకుంటుంది.

వైద్యులమైన మేము కూడా ఈ మాటల వలలో చిక్కినవారమే. మన ఆసుపత్రుల కేసు షీట్లలో 'అకేషనల్ ఆల్కహాలిక్' అని రాసే అలవాటుంది. ఆ మాటకు అర్థమే లేదు. ఆల్కహాలిక్ అంటే మద్యానికి బానిసైనవాడు. ఎప్పుడో ఒకసారి బానిస కావడం ఎట్లా సాధ్యం? అందుకే అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన వర్గీకరణలో పాత విభజనలను తీసివేసి, 'ఆల్కహాల్ వినియోగ రుగ్మత' అనే ఒకే పేరు పెట్టి, దానిని స్వల్ప, మధ్యస్థ, తీవ్ర స్థాయులుగా చూడమన్నది. మనిషికి ముద్ర వేయడం మాని, జబ్బును కొలవమనడమే ఇందులోని సారం.

ఇక మన యానాం సంగతి. ఈ ఊరి పేరే చుట్టుపక్కల జిల్లాల్లో ఈ అంశానికి పర్యాయపదమైపోయినందుకు నాకెప్పుడూ కించ కలుగుతుంది. 1954లో ఫ్రెంచి పాలన ముగిసినా యానాం పాండిచ్చేరి పరిధిలోనే ఉండిపోయింది. అందువల్ల ఇక్కడి మద్యం చట్టాలు, సుంకాలు పొరుగు రాష్ట్రానికి భిన్నం. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలింపు జరిగేదాకా, "యానాం వెళ్లొస్తాం" అంటే వినేవారు కనుసైగ చేసుకుని నవ్వేవారు. 2019లో పక్క రాష్ట్రంలో ధరలు బాగా పెరిగినప్పుడు మళ్లీ అదే నవ్వు విన్నాను. గౌతమి ఒడ్డున వేటకు వెళ్లే మత్స్యకారులు, బడికి పోయే పిల్లలు, గుడి గంటలు ఉన్న ఊరిది. ఆ ఊరి పేరు చెప్పి నవ్వుకున్నవారు, ఎదుర్లంక వారధి దాటి సీసాలు తీసుకువెళ్లినవారి ఇళ్లలో ఏమి జరిగిందో చూడలేదు. ఆ రోగులలో కొందరిని నేను చూశాను.

నిషేధం మంచిదా, కాదా అనే చర్చలోకి ఇక్కడ పోను. దానిపై విజ్ఞుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. నేను కోరేది చాలా చిన్నది. ఈ విషయం మాట్లాడేటప్పుడు మరుగు మాటలు విడిచిపెట్టి, లెక్కలో మాట్లాడుకుందాం.

మొదట నాతోటి వైద్యులకు, నర్సులకు విన్నపం. "డ్రింక్ చేస్తారా?" అని అడగవద్దు. "బీరు గాని, కల్లు గాని, బ్రాందీ గాని ఏదైనా తాగుతారా? వారానికి ఎన్ని రోజులు? తాగిన రోజున ఎంత? చివరిసారి ఎప్పుడు?" అని నాలుగు ముక్కలుగా అడగండి. గొంతులో నింద లేకుండా, ఉప్పు ఎంత తింటారని అడిగినంత మామూలుగా అడగండి. బంధువులందరూ నిలబడి ఉండగా అడగకండి. ఆ ఒక్క నిమిషం నేను వెచ్చించి ఉంటే, ఆ మూడో రాత్రి వచ్చేది కాదు.

పాఠకులైన మీకు నా విన్నపం ఇది. డాక్టరు దగ్గర 'అకేషనల్', 'సోషల్', 'కొంచెం' అనే మాటలు వాడకండి. ఏ రకం, ఎన్ని మిల్లీలీటర్లు, వారానికి ఎన్నిసార్లు, చివరిసారి ఎప్పుడు అని చెప్పండి. ముఖ్యంగా ఆపరేషనుకు ముందు, మత్తు ఇచ్చే వైద్యుడికి తప్పక చెప్పండి. మధుమేహానికి ఇన్సులిన్ వాడుతున్నా, క్షయకు మందులు వాడుతున్నా, నిద్రమాత్రలు వేసుకుంటున్నా, జ్వరానికి పారాసిటమాల్ తరచుగా వేసుకుంటున్నా మద్యం సంగతి దాచితే ప్రమాదం. డాక్టరు మీ గుణగణాలకు తీర్పు చెప్పడానికి కూర్చోలేదు. మీకు ఏ మందు ఎంత ఇవ్వాలో నిర్ణయించడానికి కూర్చున్నాడు.

ఇంటి ఆడవారికి ఒక మాట. మీ ఇంట్లోవారు ఆసుపత్రిలో చేరినప్పుడు, పరువు పోతుందని ఈ సంగతి దాచకండి. పక్కకు పిలిచి నర్సుకు చెప్పినా చాలు.

ఇంకొక హెచ్చరిక. చాలా కాలంగా రోజూ ఎక్కువగా తాగేవారు, ఇది చదివి, ఈ రాత్రి నుంచే ఒక్కసారిగా ఆపేయాలని ఉత్సాహపడవద్దు. మానాలన్న సంకల్పం గొప్పది. కాని పైన చెప్పిన వణుకు, మూర్ఛ, మతిభ్రమణం వారికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, మందుల సహాయంతో మానాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే మాదకద్రవ్యాల, మద్యపాన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే 14446 ఉచిత నంబరు, మానసిక ఆరోగ్యానికి 14416 టెలీ మానస్ నంబరు ఉన్నాయి. ఫోను చేయడానికి సిగ్గుపడనక్కరలేదు.

"అయితే డాక్టరుగారూ, ఎంత తాగితే ఫరవాలేదు?" అని మీలో కొందరు అడుగుతారని నాకు తెలుసు. నా ఉద్యోగపు తొలినాళ్లలో, కొద్దిగా తాగితే గుండెకు మంచిదనే మాట చదువుకున్నవారి నోట బాగా వినబడేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది: ఆరోగ్యానికి ఏ హానీ చేయని పరిమాణమంటూ మద్యానికి లేదు. తక్కువ తాగితే హాని తక్కువ, ఎక్కువ తాగితే ఎక్కువ, అంతే. మద్యం క్యాన్సర్ కారకమని ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే ప్రకటించింది. తాగాలా వద్దా అన్నది మీ నిర్ణయం. ఆ నిర్ణయం సరైన లెక్క తెలిసి చేసుకోండి అన్నదే నా మాట.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక పని చేయండి. మీరు తాగేవారైతే, కిందటి వారం ఎన్ని రోజులు, ఏమి, ఎంత తాగారో ఒక కాగితం మీద రాయండి. పైన చెప్పిన లెక్క ప్రకారం గ్రాములు కట్టండి. ఆ కాగితాన్ని ఎవరికీ చూపనక్కరలేదు. మీరొక్కరే చూడండి. ఇన్నాళ్లు 'కొంచెం' అనుకున్నది ఎంతో మీకే తెలుస్తుంది. మరుసటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రం దాన్ని జేబులో పెట్టుకుని వెళ్లండి. ఆయన నాలాగే "డ్రింక్ చేస్తారా?" అని అడిగితే, అవునని గాని, కాదని గాని అనకండి. ఆ కాగితం ఆయన చేతికి ఇవ్వండి.